అంగడి జాగలో మల్లన్న పట్నం

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోను మోగడం మొదలుపెట్టింది, ఇక ఆగదే. గడువు తీరకముందే దేశానికి ఎన్నికలట, ముందస్తు. మా ఇంటివాళ్ల గ్రూపులో పావుగంటకు నలభై మెసేజీలు. అందులో ముప్ఫై మా కాకవే. ‘చారిత్రక ఘట్టం’ అని ఒకటి పెట్టి, ఎవరూ చూడలేదేమోనని మళ్లీ అదే పెట్టాడు. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి వార్త వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. కాసేపు అలాగే ఉండి, ఎవరూ ఏమీ అడగకపోయేసరికి, మంచినీళ్ల కోసమే లేచినట్టు వెళ్లి తాగి వచ్చాడు.

నా డబ్బాలో పప్పు. ఆ రోజు పసుపు కాస్త ఎక్కువ పడింది. ఆ వాసనా, ఆ ‘ముందస్తు’ అనే మాటా ఒకేసారి తగిలేసరికి అన్నం అక్కడే ఉండిపోయింది. నేను మాత్రం సిద్దిపేట అంచున మా పాత వాకిట్లో, రోలు ముందు, మోచేతుల దాకా పసుపుతో కూర్చుని ఉన్నాను. నాకప్పుడు పదేళ్లు.

మా బాపు కల్లు గీసేవాడు. అంతకు ముందటి ఎండాకాలంలో తాటిచెట్టు మీంచి పడ్డాడు. పడినప్పుడు చచ్చిపోయాడనే అనుకుని మోసుకొచ్చారు. దవాఖానలో డాక్టరు ‘చూద్దాం’ అన్నాడు. చుట్టాలు ఆ ‘చూద్దాం’ను ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుని ఏడ్చారు. మా బాపమ్మ ఒక్కతే ఏడవలేదు. దవాఖాన వరండాలో కొంగు పరిచి కూర్చుని, మల్లన్న గుడి ఉన్న కొమురవెల్లి దిక్కు తిరిగి, “మల్లన్నా, నా కొడుకు లేచి నడిస్తే మా వాకిట్ల నీకు పట్నం ఏయిస్త. గది అయ్యేదాక వాన్ని చెట్టెక్కనియ్య,” అంది. దేవుడితో మాట్లాడినట్టు లేదు, కూరగాయలామెతో బేరం ఖాయం చేసుకున్నట్టుంది.

దసరాకు బాపు లేచాడు. కొద్దిగా కుంటుతూ నడిచాడు. కానీ మల్లన్న పట్నాలు, అంటే రంగు పొడులతో నేల మీద పరిచే పెద్ద ముగ్గులు, వేసే కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాకానే. అది కూడా మా ఇంట్లో ఆదివారమే కావాలి. ఒక ఆదివారం పాలివాళ్లింట్లో చావు, ఇంకో ఆదివారం పురుడు, మరో ఆదివారం మా ఒగ్గు తాతకు జ్వరం. ఒగ్గు తాత అంటే డోలు వాళ్లను వెంటేసుకుని పట్నం వేసి మల్లన్న పెండ్లి కథ చెప్పే పెద్దమనిషి. మా ఇంటికి మూడు తరాలుగా ఆయన వాళ్లే. తోసుకుంటూ తోసుకుంటూ వస్తే ఉగాది ముందు ఒక్క ఆదివారం మిగిలింది. అది దాటితే మళ్లీ సంక్రాంతి దాకా బాపు నేల మీదే.

నేల మీద మా బాపు ఎట్లా ఉండేవాడంటే, రోజూ పొద్దున్నే గీత కత్తి నూరేవాడు. దానితో కోసేదేమీ లేదు. నూరి, వేలి మీద పెట్టి చూసుకుని, గుడ్డలో చుట్టి దాచేవాడు. తాటికల్లు కాలం మొదలైంది. తోటివాళ్లు కల్లు లొట్లు కావడిలో పెట్టుకుని మా ఇంటి ముందునుంచే పోయేవాళ్లు. ఆ పుల్లటి వాసన వాకిట్లోకి రాగానే బాపు తల తిప్పకుండానే, “చెరువు కట్ట కింది చెట్టుది,” అనేవాడు. ఒక్కసారీ తప్పలేదు. అమ్మ బీడీలు చుడుతూ వినీ విననట్టు ఉండేది. ఇల్లు ఆమె వేళ్ల మీద నడుస్తోంది.

నాకు అప్పగించిన పని రంగులు. పట్నానికి అయిదు రంగుల పొడులు కావాలి. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఎండబెట్టిన చిక్కుడాకు పొడి, బొగ్గుపొడి. బోనం కోసం తెచ్చిన బెల్లం కూడా నా పక్కనే పెట్టారు. అది వాళ్ల తప్పు. రెండు రోజుల్లో బెల్లం సగమైతే, నేను చీమలను చూపించాను. బాపమ్మ చీమలను చూసి, బెల్లం మీది పంటి గాట్లను చూసి, నన్ను చూసి, “గీ చీమలకు పండ్లు గిట్ల ఉన్నయేందే?” అంది.

అలాంటి రోజుల్లో, ఒక సాయంత్రం చాయ్‌పత్తా కోసం సందు మొగలోని హోటలుకు వెళ్తే లోపల అందరూ టీవీ కింద మెడలెత్తి నిలబడి ఉన్నారు. ప్రభుత్వం తనను తానే రద్దు చేసుకుందట. ఇంకా నెలల గడువుండగానే ఎన్నికలట. ఎవరూ ఊహించలేదని టీవీలో ఒకాయన చెబుతుంటే, హోటల్లో ఉన్న పన్నెండు మందీ తాము ముందే ఊహించామని ఒకరికొకరు చెప్పుకున్నారు. మంగలి తాత ఒక్కడే చాయ్ సాసర్లో పోసుకుంటూ, “ఉన్న కుర్చీ దిగి, మళ్ల గదే కుర్చీ కోసం లైన్ల నిలబడుడేందిరా?” అని అడిగాడు. ఆ ఊళ్లో ఆ రోజు వినిపించిన తెలివైన మాట అదొక్కటే. 

చీకటి పడకముందే చౌరస్తాలో రెండు పార్టీలవాళ్లూ పటాకులు కాల్చారు. గెలిచిందెవరూ లేరు, ఓడిందెవరూ లేరు, అయినా కాల్చారు. మా పక్కింటి ముసలామె బయటికొచ్చి కంగారుగా అమ్మను అడిగింది. “ముందుగాల్నే ఓట్లంటున్రు, ఎంత ముందుగాల? రేపేనా? రేపు నాకు దవాఖానకు పోయేదుండె.”

“రేపు గాదు పెద్దమ్మా, ఇంక నెల మీదనే ఉన్నది.”

“నెలనా! మరి గిప్పుడే ఎందుకు గాలుస్తున్రు?”

 అమ్మ బీడీల గంప లోపలికి జరుపుకుంది.

తెల్లారేసరికి మా కాక నాయకుడయ్యాడు. బాపు తమ్ముడు. అప్పటిదాకా ఇంట్లో బర్రెను కూడా ఆయనకు అప్పగించేవాళ్లు కాదు, ఎక్కడో కట్టేసి మరిచిపోతాడని. అలాంటి మనిషికి ఒక పార్టీవాళ్లు నాలుగు సందులు అప్పగించారు. ‘ఇన్‌ఛార్జి’ అని తనే చెప్పుకున్నాడు. తెల్లచొక్కాకు పెట్టమని బర్రె కోసం దాచిన గంజి అడిగి తీసుకున్నాడు. బర్రె వైపు నుంచి మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి నేను ఆ గంజిలో గుప్పెడు బొగ్గుపొడి కలిపాను. ఆరిన చొక్కా వానమబ్బు రంగులో తేలింది. వేరే చొక్కా లేదు. అదే వేసుకుని పోతే హోటలు దగ్గర ఎవరో, “ఏమన్నా, నిరసననా?” అని అడిగారట. మా కాక ఒక్క క్షణం ఆలోచించి, “అవును, నిరసన,” అన్నాడట. దేని మీదో వాళ్లూ అడగలేదు. అప్పుడే నాకు రాజకీయం మొత్తం అర్థమైంది. ఆ తర్వాత కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు.

మంగళవారం ఒగ్గు తాత వచ్చాడు. గడపలోకి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినా నేరుగా కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుకుని తాగేవాడు. ఆ రోజు చెప్పులు కూడా విడవలేదు.

“అక్కా, ఆదివారం పట్నానికి నేను రాలేను.”

బాపమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. “ఎందుకు తమ్మీ?”

“గా రోజు అంగడి జాగల సభ ఉన్నదట. పెద్ద నాయకుడు వస్తుండు. మా మేళాన్ని మాట్లాడిన్రు. నెలంత వాళ్లతోనే, జీపు మీద.”

“ఎవలు మాట్లాడిన్రు?”

ఒగ్గు తాత తల తిప్పాడు. ఇంటి లోపలికి చూశాడు. లోపల మా కాక అద్దం ముందు దువ్వుకుంటున్నాడు, దువ్వెన ఆగింది.

“అవ్వా, నాకేం ఎరుక మనింటి పట్నం గదే రోజని,” అన్నాడు కాక, బయటికి రాకుండానే. “దేశం సంగతి గిది. పట్నం మళ్ల ఏడాదైనా ఏసుకోవచ్చు.”

“నీకెరుక లేదా? నీ పక్కపొంటి కూసొని పిల్ల పదిరోజుల సంది పసుపు దంచుతుంటే?”

“నేను హోలీ కలర్ల కోసమనుకున్న.”

వేరే మేళాన్ని తెద్దామంటే, అవతలి పార్టీవాళ్లు మిగిలిన మేళాలన్నీ పట్టుకుపోయారు. కొమురవెల్లి దాకా మనిషిని పంపి చూశారు. పట్నాలు వేసే చేతులన్నీ జీపులెక్కాయి. “ఫోటో ముంగట కొబ్బరికాయ గొట్టి మల్లన్నకు చెప్పుకోర్రి, ఇనడా?” అని హోటల్లోని మేధావులు సలహా ఇచ్చారు. బాపు ఆ రాత్రి అన్నం దగ్గర, “పోనియ్యవ్వా. మొక్కు పక్కకు పెట్టి ఎక్కుత. పిల్ల బట్టలు జూడు, మోకాళ్ల మీదికొచ్చినయి,” అన్నాడు. బాపమ్మ ముద్ద కిందపెట్టింది. “నువ్వు ఎక్కు. నేను చెట్టు కింద పంటా. నన్ను దాటి ఎక్కు,” అంది. బాపు పళ్లెంలో చేయి కడుక్కున్నాడు.

అన్నిటికీ ఏదో ఒకటి వెటకారంగా అనే అలవాటు నాకు అప్పటికే ఉంది. ఆ పూట మాత్రం రోలు దగ్గరికి పోయి, దంచిన పసుపునే మళ్లీ దంచాను.

పొద్దున్నే బాపమ్మ ఒగ్గు తాత ఇంటికి బయలుదేరింది. నన్నూ వెంట తీసుకుపోయింది. ఆయన డోలు తోలు ఎండకు పెట్టుకుని కూర్చున్నాడు.

“తమ్మీ, సభ ఎన్నింటికి?”

“పదింటికి.”

“గాయిన ఎన్నింటికొస్తడు?”

ఒగ్గు తాత నవ్వాడు. “పదింటికంటే మూడు. గిన్నేండ్లల్ల నాయకుడు టయానికి వచ్చిండన్న మాట ఇన్నవా అక్కా?”

“గప్పటిదాక నువ్వేం జేస్తవ్ ఆడ?”

“ఏం జేస్త? జనం లేసి పోకుంట డోలు గొట్టాలె.”

“పట్నానికి ఎంతసేపు?”

ఒగ్గు తాత చేయి తోలు మీద ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూశాడు. “నాలుగు గంటలు. కాని అక్కా, నీ మొక్కు మీ వాకిట్ల గద?”

“వాకిలి తెస్త,” అంది బాపమ్మ.

కాకను ఒప్పించడం ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. జనాన్ని తెస్తానని మాటిచ్చి, ఎవరూ రామంటుంటే కాక రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. “నీ సభకు జనం ఉన్నర్రా?” అని అడిగింది. లేరు. “పట్నం అంటే వస్తరా రారా?” వస్తారు. “మరింకేంది?” కాక తల గోక్కుని, “జెండాలు మాత్రం కడత,” అన్నాడు. “ఏడనన్న కట్టుకో. పట్నం మీద నీడ పడొద్దు,” అంది.

ఆదివారం పొద్దున మా వాకిట్లో మన్ను తవ్వి నాలుగు గంపలకెత్తాం. బాపు కుంటుతూనే ఒక గంప నెత్తిన పెట్టుకున్నాడు. అమ్మ పేడ తెచ్చింది. అంగడి జాగలో స్టేజీ ముందు, నాయకుడి కోసం పరిచిన ఎర్ర తివాచీని బాపమ్మ చాపలా చుట్టి పక్కన పెట్టింది. మా మన్ను పరిచి, పేడనీళ్లతో అలికింది. చుట్టూ ముగ్గు గీత పెట్టింది. “ఇగ గిది మా వాకిలి. చెప్పుల్తోని ఎవలొస్తరో రార్రి,” అంది. పార్టీవాళ్లు ముక్కులు మూసుకున్నారు. మైకు సరిచూస్తున్నవాడు, “హలో, చెక్, చెక్... ఏం వాసన గిది?” అన్నాడు. ఆ రోజు ఆ మైకులో వచ్చిన నిజాయితీగల మాట అది.

పది దాటేసరికి పట్నం మొదలైంది. ఒగ్గు తాత వేళ్ల మధ్యనుంచి పొడి సన్నటి ధారగా జారుతుంటే, నేను దంచిన పసుపు అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. డోలు విని జనం రావడం మొదలైంది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ముగ్గు గీత బయట కూర్చున్నారు. ఎవరో ఉడకబెట్టిన శనగ గుడాలు తెచ్చారు, ఎవరో మక్క ప్యాలాలు. కాక జనాన్ని చూసి, తనే కని పెంచినట్టు మురిసిపోయాడు. పట్నం పూర్తయింది. మల్లన్న పెండ్లి కథ మొదలైంది. కథ ముగిశాక ఒగ్గువాళ్లే గజ్జెలు కట్టుకుని పట్నం తొక్కుతూ ఆడతారు. అప్పుడే మొక్కు తీరినట్టు. ఆ లోపల ఇంకెవరి కాలు పడినా అంతా పోయినట్టే. ఇక గంటన్నర చాలు. నాయకుడు రావడానికి ఇంకా రెండున్నర గంటలుంది.

అప్పుడు హారన్లు వినిపించాయి.

ఆ నాయకుడు జీవితంలో మొదటిసారి ముందుగా వచ్చాడు. ముందు సభలో జనం లేక, మాట్లాడకుండానే జీపెక్కాడట. మా అంగడి జాగలో మనుషులను చూసి ఆయన ముఖం వెలిగింది. దండలతో, బూట్లతో, పాతిక మందితో నేరుగా స్టేజీ వైపు నడిచాడు. స్టేజీకి దారి ఒక్కటే. ఆ దారిలో మా వాకిలి ఉంది.

ఒక కార్యకర్త, “జరుగుర్రి, జరుగుర్రి, సారొచ్చిండు! ముగ్గు మళ్ల ఏసుకోవచ్చు,” అంటూ పట్నం వైపు కాలెత్తాడు. బాపమ్మ అక్కడే ఉంది. అరవలేదు. అతని ఎత్తిన కాలు ముందు తన చేయి పెట్టింది, నేల మీద, వెడల్పుగా. “తొక్కేదుంటే ముందుగాల గిది తొక్కు బిడ్డా,” అంది. ఆ చేయి మీద పేడా, పసుపూ ఉన్నాయి. అతని కాలు గాలిలోనే ఉండిపోయింది. బాపు లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. కాక ఎటు నిలబడాలో తెలియక రెండు వైపులా తిరిగాడు.

నాయకుడు చుట్టూ చూశాడు. జనం ఆయన వైపు చూడడం లేదు, ఆయన బూట్ల వైపు చూస్తున్నారు. మెల్లగా ఒగ్గు తాతను అడిగాడు. “నడుమ తొక్కితే ఏమైతది పెద్దాయనా?”

ఒగ్గు తాత డోలు వాళ్లను ఆపనివ్వలేదు. చప్పుడు నడుస్తుండగానే చెప్పాడు. “ఏం గాదు సార్. పోయినసారి ఓట్లప్పుడు వేరే ఊళ్లె ఒకాయన తొక్కిండు.”

“ఏమైంది?”

“ఏం గాలే. మంచిగనే ఉన్నడు. గా ఓట్లయినంక ఇంటికాన్నే ఉంటుండు, ఎటూ పోతలేడు.”

నాయకుడు వంగి బూట్ల దారాలు తానే విప్పుకున్నాడు. ఆయన వెంట వచ్చిన పాతిక మందీ విప్పారు. ముగ్గు గీత బయట, ఆడవాళ్ల వెనకాల, ఎండలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. దేశాన్ని నడిపిస్తామని వచ్చినవాళ్లు ఆరడుగుల వాకిలి దాటలేక గంటన్నర కూర్చున్నారు. పక్కన ఉన్న పిల్లవాడొకడు ఆయనకు గుడాలు పెట్టాడు. తిన్నాడు.

కథ చివరికొచ్చింది. మొక్కు ఎవరిదో వాళ్ల పేరు చదవాలి. ఇంతసేపూ తిరుగుతున్న కాకకు అప్పుడు ఆలోచన వచ్చింది. ఒగ్గు తాత చెవిలో, కానీ మైకు దగ్గర, “సారు పేరు మీద సదువు తాతా, సారు మీద సదువు,” అన్నాడు. మైకు అందరికీ చెప్పింది. బాపమ్మ ముఖం పాలిపోయింది. ఆ ఒక్క పేరు కోసమే నాలుగు గంపల మన్ను మోసింది.

ఒగ్గు తాత మైకు పక్కకు జరపలేదు. “సదువుతా. చెట్టు మీదికెల్లి పడి, సావు దాక పోయొచ్చినోని పేరు మీద మొక్కు గిది. సారు పేరే పెడుదునా?”

నాయకుడు లేచి నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “వద్దొద్దు. ఆయన పేరే. ఆయన పేరే సదువుర్రి.”

మా బాపు పేరు అంగడి జాగ అంతా వినిపించింది. అది ఏ ఎన్నికల మైకులోనూ అంతకు ముందు రాలేదు, ఆ తర్వాత రాలేదు. గజ్జెలు కట్టిన కాళ్లు పట్నం మీద పడ్డాయి. అయిదు రంగులూ కలిసి ధూళి లేచింది. జనం ఎగబడి ఆ పొడి నొసళ్లకు పెట్టుకున్నారు, కొంగుల్లో కట్టుకున్నారు. ఆ తర్వాత అందరూ బోనం అన్నానికి మా ఇంటికొచ్చేశారు.

నాయకుడు స్టేజీ ఎక్కి గంటసేపు మాట్లాడాడట. వినడానికి మా కాక, మైకువాడు ఉన్నారట. పేదల మొక్కు తీర్చడానికే తాను ముందుగా వచ్చానని చెప్పాడట. ఆయన గెలిచాడో ఓడాడో నాకు గుర్తులేదు. మా సందులో ఎవరినడిగినా గుర్తులేదు. దేశం దిశ ఏదో మారిందన్నారు, మా సందులో నల్లా మాత్రం మారలేదు.

సోమవారం పొద్దు పొడవకముందే బాపు మోకు భుజాన వేసుకున్నాడు. నేనూ బాపమ్మా వెనకాల నడిచాం. గట్టు మీద మంచుకు తడిసిన గడ్డి వాసన. బాపు మోకును చెట్టు చుట్టూ, నడుం చుట్టూ వేసి, ఒకసారి గుంజి చూసుకున్నాడు. బాపమ్మ వెనక్కి తిరిగి నిలబడింది. చెట్టు వైపు చూడనంది.

“ఎక్కుతుండా?” అని అడిగింది నన్ను.

“ఎక్కుతుండు.”

“కుంటుతుండా?”

నేను సరిగ్గా చూశాను. నేల మీద కుంటే కాలు చెట్టు మీద కుంటడం లేదు. “లేదు బాపమ్మా.”

“ఎందాక పోయిండు?”

“నడుమ దాక... ఇంక పైకి... మట్టలల్ల చెయ్యి పెట్టిండు.”

 బాపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పైనుంచి గీత కత్తి చప్పుడు సన్నగా వినిపించింది. దసరా నుంచి ఊరికే నూరిన కత్తి మొదటిసారి కోసిన చప్పుడు అది. నాకు ఏదో ఒకటి అని నవ్వించాలనిపించింది, బాపమ్మ చేయి పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ చెట్లు లేవు. వాటి జాగలో ప్లాట్ల రాళ్లున్నాయి. బాపమ్మ లేదు, ఒగ్గు తాత లేడు. బాపు ఆ రోజు తర్వాత చాలా ఏళ్లు ఎక్కాడు, ఒక్కసారీ జారలేదు. మోకాళ్లు ఇక వద్దన్న నాడు, ఎవరూ చెప్పకముందే తనంతట తాను దిగి, చెట్టును ఒకసారి అరచేత్తో తట్టి ఇంటికొచ్చాడు.